ముత్యాలిచ్చిన మా అండాలక్క

గత ఆదివారం మధ్యాహ్నం మూడున్నర దాటింది. కోదాడలో మా ఇంటి వరండాలో కూర్చుని తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. సూర్యాపేట నుంచి ఫోను వచ్చిందని పక్కింటావిడ గోడ మీదుగా కేకేసింది. ఎర్రసిరా పెన్ను చేతిలో పట్టుకునే వెళ్లాను. అవతల మా బావగారు. స్వభావరీత్యా మితభాషి. ఫోనులో అయితే మరీ పొదుపు. ఆ రోజు రెండే మాటలు అన్నారు.

"అండాలు పోయింది."

ఎక్కడికి పోయిందని అడిగాను. నిజంగానే అడిగాను. నడిగూడెంలో పుట్టింటివాళ్లెవరికైనా బాగాలేక హడావుడిగా బయలుదేరిందేమో అనుకున్నాను. బావగారు ఫోను ఇంకెవరి చేతికో ఇచ్చేశారు. వెనక నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది. అప్పుడు తెలిసింది.

ఈ నాలుగు ముక్కలు రాస్తున్న ఈ క్షణానికి కూడా నాకు నమ్మశక్యంగా లేదు. మా అత్తింటి పెద్దకోడలు, వరుసకు నా తోడికోడలు, మనసుకు సొంత అక్క అయిన అండాలమ్మ ఇక లేదట. యాభై నాలుగేళ్ల మనిషి. పన్ను నొప్పికి తప్ప దవాఖాన మెట్లెక్కి ఎరుగదు. సరిగ్గా నాలుగు రోజుల ముందు, బుధవారం నాడు, మా ఇంటికొచ్చి గోంగూర పచ్చడి సీసా నా చేతిలో పెట్టి, "ఆదివారం రా చెల్లె. కొత్త క్యాసెట్ దొరికింది. మాంత్రికునిది. మూడు తలల పాము గూడ ఉన్నదట" అని పిలిచింది.

"పేపర్లున్నయి అక్కా" అన్నాను.

"పేపర్లకు రెక్కలొస్తయా? సోమవారం దిద్దు."

నేను వెళ్లలేదు.

ఆమె ఎలా పోయిందో నాకు చెప్పింది సక్రి. సక్రిది సూర్యాపేట పక్కన తండా. మా బావగారి వడ్ల కల్లంలో పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆ ఆదివారం అక్క గదిలో పదిమంది దాకా ఆడవాళ్లున్నారట. తెర మీద రాకుమారుడు గుహలోకి దూరాడు, మూడు తలల పాము లేచింది. ఆ పాము మధ్య తలకాయ అతుకు ఊడి వేలాడుతుంటే అక్క పకపకా నవ్విందట. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని, గోడకు ఆనుకుందట. తల కొంచెం పక్కకు వాలింది. తెల్లవారకముందే లేచి పాడి చూసుకునే మనిషి కదా, కునుకు పట్టిందనుకున్నారు. సక్రి లేచి తలకింద దిండు కూడా పెట్టింది. సినిమా ఇంకో ఇరవై నిమిషాలు నడిచింది.

ప్రతి సినిమా చివర తెర మీద 'శుభం' పడగానే అక్క చప్పట్లు కొట్టి, "ఖతం! లేవుండ్రి, లేవుండ్రి! మొగోళ్లు ఆకలికి కాకులోలె ఒర్రుతుంటరు" అనేది. ఆ మాట వినిపించాకే అందరూ లేచేవాళ్లు. ఆ రోజు 'శుభం' పడింది. క్యాసెట్ అయిపోయి తెర మీద చుక్కలు చుక్కలుగా వాన మొదలైంది. అందరూ ఆ మాట కోసం కూర్చున్నారు. మాట రాలేదు.

"నేను దిండు పెట్టిన్నమ్మా" అని సక్రి నా రెండు చేతులూ పట్టుకుని అంటూనే ఉంది. "దిండు పెట్టిన. మెడ ఎచ్చగనే ఉండె. నిద్రనే అనుకున్న."

గుండె ఆగిందని డాక్టరు తేల్చాడు. అంత నవ్వు నవ్విన గుండె ఎలా ఆగుతుందో ఏ డాక్టరు చెప్పగలడు?

అండాలక్కను ఎరగని వాళ్లు సూర్యాపేటలో తక్కువ. అయినా ఆమె ఎవరో, ఎటువంటిదో రాసిపెట్టవలసిన బాధ్యత నాకున్నది. ఇంట్లో చదువు వచ్చింది మా చెల్లెకొక్కదానికే అని ఆమె పదే పదే చెప్పుకుని మురిసేది. ఆమె చదివింది ఏడో తరగతి. నడిగూడెంలో వ్యవసాయ కుటుంబం. పద్దెనిమిదో ఏట సూర్యాపేట కోడలైంది. ఇద్దరు కొడుకులు. వాళ్లిప్పుడు బావగారితో పాటు ధాన్యం వ్యాపారంలోనే ఉన్నారు. ఆమెకంటూ ప్రత్యేకంగా ఉన్నవి రెండు బర్రెలు, ఆ పాల మీద వచ్చే రాబడి. ఆ రాబడితో ఏం చేసేదో చెబితే ఈ కాలపు వాళ్లు నవ్వుతారేమో. ఏడాదికొకసారి హైదరాబాదు బస్సెక్కి, పత్తర్‌గట్టీకి పోయి ముత్యాలు కొనుక్కొచ్చేది. తనకోసం కాదు. ఇవ్వడానికి.

ఆ కానుక మొట్టమొదట అందుకున్న వాళ్లలో నేనొకదాన్ని. ఎనభైల మొదట్లో మిర్యాలగూడ నుంచి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు. నట్టింట్లో పీట మీద కూర్చోబెట్టారు. చుట్టాలమ్మలు ఒక్కొక్కరే వచ్చి నా మెడలోని గొలుసును వేళ్ల మధ్య పెట్టి చూస్తున్నారు. ఎన్ని తులాలుంటుంది, చేతిపనా, మిషను పనా అని నా ముందే చర్చ. నేను తల దించుకుని మా బడి ప్రాంగణం గురించి ఆలోచించే ప్రయత్నంలో ఉన్నాను. అంతలో ఒక చల్లని స్పర్శ మెడకు తగిలింది. ఒంటిపేట ముత్యాల దండ. వెనక నిలబడి కొక్కెం తగిలిస్తున్నది అండాలక్క.

ఎవరో పెద్దావిడ అడిగింది. "ముత్యాలేందే అండాలు, బంగారం పెట్టక?"

"బంగారం పెడితే మీరు తూకం అడుగుతరు పెద్దమ్మా. ముత్యాలను మనిండ్లల్ల ఎవరు తూస్తరు?" అన్నది అక్క.

గదిలో నవ్వు లేచింది. ఆ నవ్వుల్లో చుట్టాల చేతులు నా మెడను వదిలేశాయి. ఆ ఇంట్లో నేను తిన్న మొదటి ముద్ద ఆ తర్వాతే గొంతు దిగింది.

ముత్యాల మీద ఆమెకు ఆ మమకారం ఎందుకో చాలా ఏళ్లకు అడిగాను. దండ గుచ్చుతోంది అప్పుడు. ఒక్కో ముత్యానికీ ఒక్కో ముడి వేస్తూ, పట్టుదారాన్ని పెదవులతో తడుపుతూ చెప్పింది. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మొదట బోరుబావికి పోయిందట. నీళ్లు పడలేదు. మిగిలింది లారీకి పోయింది. లారీ కొన్నాళ్లు తిరిగి ఆగిపోయింది. అమ్మ ఇచ్చిన ముత్యాల దండను మాత్రం ఎవరూ అడగలేదు. దాన్ని కుదువ పట్టుకునేవాడు లేడు.

"అప్పుడు నాకు సమజైంది చెల్లె. బంగారం ఇంటిది. ముత్యం మనిషిది. ఎవ్వరు అడగనిది ఒక్కటన్న ఉండాలె ఆడిదానికి." ఇందులో ఎవరి మీదా నిష్ఠూరం లేదు. బావగారంటే ఆమెకు ప్రాణం. చెప్పిన తీరు మాత్రం, ఎండాకాలం నీళ్లు కాచి తాగమన్నంత మామూలుగా ఉంది.

ముత్యాన్ని పళ్లకు రాసి పరీక్షించేది. గరుకుగా తగిలితే అసలుది, నున్నగా జారితే నకిలీది. పత్తర్‌గట్టీలో కొట్టు మీద కొట్టు ఎక్కి, ప్రతిచోటా నాలుగైదు ముత్యాలు పళ్లకు రాసి, తల అడ్డంగా ఊపి దిగివస్తుంటే వెనకాల నిలబడ్డ నాకు సిగ్గు. ఆమెకు ఇసుమంత లేదు. గుండ్రంగా లేని ముత్యాలను మాత్రం ప్రత్యేకంగా ఏరి తెచ్చుకునేది.

తన ఇద్దరు కొడుకులకూ పురుడు పోసిన మంత్రసాని రామక్కకు, ఆమె డెబ్బయ్యో ఏట, ముత్యాల కమ్మలు చేయించి పెట్టింది. రామక్క ఎప్పుడో భర్త పోయిన మనిషి. అప్పుడు మా అత్తగారు బతికే ఉన్నారు. ఆచారం ఎరిగిన ఇల్లాలు, ఆవిడ తట్టుకోలేకపోయారు. "మొగుడు లేనిదానికి సొమ్ములు పెడ్తవా? లోకం ఏమంటది?" అని కేకలేశారు.

అక్క గొంతు పెంచలేదు. "తెల్ల చీర కట్టుమన్నది లోకమే గద అత్తమ్మా. ఇవి గూడ తెల్లగనే ఉన్నయి" అన్నది.

రామక్క పోయేదాకా ఆ కమ్మలు తీయలేదు.

ఇక సినిమాల సంగతి. ఎనభైల నడిమికి వచ్చేసరికి సూర్యాపేటలో వీడియో క్యాసెట్ల దుకాణాలు వెలిశాయి. తొలి రోజుల్లో టీవీ, క్యాసెట్ వేసే డెక్కు రెండూ రోజు కిరాయికి వచ్చేవి. తర్వాత బావగారు సొంతానికే కొన్నారు. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం అక్కది. పొద్దున్నే రెండు పూటల వంట ముగించి, చాపలు పరిచి, పొట్లం కట్టిన మరమరాలు సిద్ధం చేసి కూర్చునేది. ఏ సినిమా పడితే అది కాదు. జానపదాలే కావాలి. మాంత్రికులు, ఎగిరే గుర్రాలు, మాట్లాడే పుర్రెలు, కప్పగా మారిన రాకుమార్తెలు. కుటుంబ కథా చిత్రాలు ఇంట్లోకి రానిచ్చేది కాదు. "ఏడుపు ఇంట్ల పుక్యానికి దొరుకుతది. కిరాయి కట్టి తెచ్చుకోవాల్నా?" అనేది.

నేను చదువుకున్నదాన్ని కదా, ఒకసారి మేధావితనం ప్రదర్శించాను. ఎగురుతున్న గుర్రానికి కట్టిన తీగ స్పష్టంగా కనబడుతోందని చూపించాను. అక్క నావైపు జాలిగా చూసింది. "దారం కనవడితే కనవడనియ్ చెల్లె. గుర్రం ఎగురుతున్నదా లేదా?"

ఈ మాట నేను తరగతి గదిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆమె చెప్పిందని ఒక్కసారీ చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

సినిమా నడుమ కరెంటు పోవడం మనకు కొత్త కాదు. కరెంటు పోగానే అక్క లేచి టీవీ ముందు నిలబడి మిగతా కథ తనే చెప్పేది. చూడని సినిమా అయినా సరే. ఒకసారి మాంత్రికుడి చేతిలో రాకుమారి రాయైపోయిన ఘట్టంలో కరెంటు పోయింది. అక్క కథలో రాకుమారి రాయిగా ఉంటూనే మాంత్రికుడి కాలి మీద పడి, వాడిని కుంటివాణ్ని చేసి, తనను తాను విడిపించుకుంది. గంట తర్వాత కరెంటు వచ్చింది. సినిమాలో మామూలుగా రాకుమారుడు వచ్చి విడిపించాడు. చూస్తున్న ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో, "గిది బాగలేదు. అండాలమ్మ చెప్పిందే మంచిగున్నది" అని తీర్పు చెప్పారు.

తొలి వారాల్లో సక్రి గడప బయట కూర్చుని చూసేది. పక్కన పదమూడేళ్ల కూతురు సుజాత. తండాలో వాళ్ల మాట వాళ్లది, మాతో తెలుగు. తల్లికి అర్థంకాని సమాసాలు వచ్చినప్పుడు ఆ పిల్ల చెవిలో తమ భాషలో చెప్పేది. ఒక ఆదివారం అక్క లేచి వాళ్లిద్దరినీ లోపలికి పిలిచి తన చాప మీద కూర్చోబెట్టుకుంది. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూసి నిర్ఘాంతపోయారు. అక్క అన్న మాట ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అత్తమ్మా, రాక్షసుడొచ్చిండు, మాంత్రికుడొచ్చిండు, పాములొచ్చినయి మనింట్లకు. సక్రి వస్తే ఏమైతది?"

ఆ రోజే సుజాతకు కూడా చెప్పింది. "పటేలమ్మ అనకు బిడ్డా. పెద్దమ్మ అను."

ఇప్పుడు నేను రాయవలసిన అసలు విషయం దగ్గరికి వచ్చాను. సంస్మరణ అంటే పోయినవారి గుణగణాలను స్తుతించడం. కాని ఆమె గుణాన్ని చెప్పాలంటే నా అపరాధాన్ని చెప్పక తప్పదు.

సుజాత తెలివైన పిల్ల. ఎనిమిదో తరగతి కోదాడలో, నేను పనిచేసే బడిలోనే చేరింది. అక్కడే హాస్టల్లో ఉండేది. తొమ్మిదిలోకి వచ్చింది. ఒక మంగళవారం నేను పద్యం చెబుతుండగా, కిటికీ లోంచి పడ్డ ఎండలో ఆ పిల్ల మెడలో తెల్లగా ఏదో మెరిసింది. దగ్గరికి వెళ్లాను. ముత్యాల దండ. నడిమి ముత్యం ఒకవైపు నొక్కుకుపోయి వంకరగా ఉంది. చూడగానే గుర్తుపట్టాను. అది అక్క దండ. నడిగూడెంలో వాళ్లమ్మ ఇచ్చినది, బోరుబావికీ లారీకీ పోకుండా మిగిలినది.

"ఎక్కడిది?" అన్నాను.

"పెద్దమ్మ ఇచ్చింది టీచర్."

నేను నమ్మలేదు. నాకు ఇచ్చింది కొన్న దండ. తన మెడలోని దండ నాకే ఇవ్వనిది, ఈ పిల్లకు ఇస్తుందా? నా అనుమానంలో అసూయ కూడా ఉంది. అది నాకు అప్పుడే తెలుసు. నలభైమంది పిల్లల ముందు, నా చేతులతో, ఆ పిల్ల మెడలోంచి దండ తీశాను. ఆమె ఏడవలేదు. కొక్కెం జుట్టుకు చిక్కుకుంటే తనే విడదీసి ఇచ్చింది. సాయంత్రం హాస్టల్లో ఆమె పెట్టె తెరిపించి సోదా చేశారని తర్వాత తెలిసింది. ఆ వారమంతా ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఆదివారం సూర్యాపేట వెళ్లాను. సినిమా నడుస్తోంది. గొప్ప దొంగతనం పట్టుకున్నదానిలా దండ తీసి అక్క ఒళ్లో పెట్టి జరిగింది చెప్పాను. ఆమె కళ్లు తెర మీది నుంచి దండ మీదికి, దండ మీది నుంచి నా మీదికి వచ్చాయి.

"ఆ పిల్ల ఏం జెప్పింది?"

"నువ్వే ఇచ్చినవన్నది."

"మరి?" అన్నది అక్క.

అంతే. ఆ ఒక్క "మరి" తర్వాత నాకు నిలబడ్డ చోటు తెలియలేదు.

అక్క లేచి డెక్కు ఆపేసింది. సినిమా నడుమ ఆమె లేవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆడవాళ్లు బిత్తరపోయారు. సక్రి అక్కడే కూర్చుని ఉంది, అంతా విన్నది. అక్క ఆమె దగ్గర వంగి భుజం మీద చెయ్యి వేసి, "నేను పోయొస్త. నువ్వు పరేషాన్ గాకు" అని, కాళ్లకు చెప్పులేసుకుని బస్టాండుకు నడిచింది. వెనకాలే నేను. గంట ప్రయాణం. బస్సులో ఎండకు కిటికీ రేకు కాలుతుంటే నా చేతిని అక్కడినుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

హాస్టల్ వరండాలో సుజాత బట్టలు ఆరేస్తోంది. అక్క వెళ్లి నేల మీదే కూర్చుని ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "టీచరమ్మకు చెప్పుడు మర్చిపోయిన బిడ్డా. తప్పు నాది" అంటూ దండ ఆమె మెడలో వేయబోయింది.

సుజాత వెనక్కి జరిగింది. "నాకొద్దు పెద్దమ్మా."

"ఎందుకొద్దు?"

"ఏసుకుంటే మల్ల అడుగుతరు."

అక్క బతిమాలుతుందనుకున్నాను. దండ తన మెడలో తనే వేసుకుంది. "సరే. బలవంతం లేదు. ఇవి నీవే. పెట్టెల పెడితే ముత్యం పసుపెక్కి పాడైతది. ఒంటి మీదుంటేనే బతుకుతది. నువ్వు అడిగేదాక నేను ఏసుకొని తిరుగుత."

మర్నాడు, సోమవారం, బడికి వచ్చింది. ప్రధానోపాధ్యాయురాలి అనుమతి అడిగి నా తరగతిలోకి వచ్చింది. ఏడో తరగతి చదివిన పల్లెటూరి మనిషి, జీవితంలో మొదటిసారి బల్ల ముందు నిలబడి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని మాట్లాడింది. "పిల్లలూ, ఈ ముత్యాలు మా అమ్మ నాకిచ్చింది. నేను ఈ పిల్లకిచ్చిన. మీ టీచరమ్మకు చెప్పలే. తప్పు నాది. ఈ పిల్ల ఒక్క అబద్ధం ఆడలే. దీని పక్కన కూసునేటోళ్లు ఎవరు?"

ముగ్గురు పిల్లలు లేచారు. తర్వాత ఇంకో ఇద్దరు.

నేను ఆమె పక్కనే, చేతిలో సుద్దముక్కతో నిలబడి ఉన్నాను. "కాదు, తప్పు ఆమెది కాదు, నాది" అని ఒక్క వాక్యం చెప్పాలి. వ్యాకరణం చెప్పే నోరు. ఆ వాక్యం రాలేదు. పిల్లల ముందు చులకనవుతానని భయపడ్డాను. అక్క నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. నేను పద్యం ఎత్తుకున్నాను.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు ఆమె పక్కన కూర్చున్నానో. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. చూపులో కూడా ఎత్తలేదు. మా ఆయన మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లి లారీ ప్రమాదంలో కాలు విరిగినప్పుడు, నెలరోజులు మా ఇంట్లో ఉండి వండిపెట్టింది. మా అమ్మాయి పుట్టినప్పుడు, "దీనికి గుండ్రటివి వద్దు, వంకరవి తెస్త. వంకర ముత్యం ఎవరిదో ఎక్కడున్నా తెలుస్తది" అని నవ్వింది. అది విని నేను ఉలిక్కిపడి ఆమె ముఖం చూశాను. ఎత్తిపొడుపు లేదు. ఆమె మర్చిపోయిందేమో అనుకుని, మర్చిపోవడమే నాకు సౌకర్యంగా ఉండి, నేనూ ఊరుకున్నాను.

సుజాత పదో తరగతి, ఇంటరు ముగించి నర్సు శిక్షణలో సీటు తెచ్చుకుంది. ఆ ఆదివారం సూర్యాపేట వచ్చి, సినిమా అయ్యేదాకా కూర్చుని, చివర లేచి అందరి ముందూ చెయ్యి చాపింది. "పెద్దమ్మా, నావి నాకియ్యి." అక్క మెడలోంచి తీసి వేసింది. దండ మారిన మెడలు రెండూ నేను చూశాను. నోరు తెరిచే అవకాశం అప్పుడూ వచ్చింది. అప్పుడూ తెరవలేదు.

మొన్న అక్కను సాగనంపిన తర్వాత మూడో రోజు. పెరట్లో బర్రెలు కట్టుగొయ్య దగ్గర అరుస్తున్నాయి, ఎవరు పిండుతారో వాటికీ తెలియడం లేదు. బావగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. ముప్పై ఆరేళ్ల సాహచర్యం. "నీళ్లు తాగండి" అంటే, "అండాలు తెస్తది" అన్నారు ఆ ఉదయం. అన్నాక ఆయనకే గుర్తొచ్చి, గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

సుజాత మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి సెలవు పెట్టి వచ్చింది. బావి దగ్గర గిన్నెలు తోముతోంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. పదకొండేళ్ల మాట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరినుంచే మొదలుపెట్టాను.

"సుజాతా, ఆ రోజు క్లాసులో తప్పు అక్కది కాదు. నాది. నీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించు."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. చాలాసేపు నన్నే చూసింది. కోపం కనబడలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు కాకుండా, ఏదో చేజారినట్టు చూసింది.

"ఆ సోమవారం బడి ఇడిసినంక పెద్దమ్మ నాకొక మాట చెప్పింది టీచర్. 'మీ టీచర్ మంచిది. ఒకనాడు తానే వచ్చి నీతోని మాట్లాడుతది. జర ఆలస్యమైతది. అప్పటిదాక మనసుల పెట్టుకోకు' అన్నది."

కింద పెట్టిన గిన్నె వైపు చూస్తూ ఆమె మళ్లీ అంది.

"ప్రతి ఏడు అడుగుతుండె. మొన్న దసరాకు గూడ అడిగింది. 'మీ టీచర్ వచ్చిందా బిడ్డా?' అని. లేదన్న. 'వస్తది తియ్, తొందరేమున్నది' అన్నది."

సుజాత మళ్లీ గిన్నె అందుకుంది. నేనూ ఒక గిన్నె అందుకున్నాను.

ఆమె మర్చిపోలేదు. నా మీద నాకు లేని నమ్మకాన్ని పదకొండేళ్లు తాను మోసింది. నేను ఆమె పక్కనే చాప మీద కూర్చుని మరమరాలు తింటూ ఉన్నాను. ఇటువంటి ఔదార్యం పుస్తకాల్లో చదివి పిల్లలకు బోధించాను. నా ఇంట్లో ఉంటే గుర్తించలేకపోయాను. మా సూర్యాపేట వీధికి, తండాకు, మా మూడూళ్ల చుట్టరికాలకు ఈ మనిషి లేని లోటు ఎవరు తీర్చగలరో నాకు తెలియదు. తీరదనే అనుకుంటున్నాను.

అండాలక్కా, నేను వచ్చాను. సుజాతతో మాట్లాడాను. నువ్వు చెప్పినట్టే, జర ఆలస్యమైంది. దసరా మళ్లీ వస్తుంది. మీ టీచర్ వచ్చిందా అని అడగడానికి నువ్వు ఉండవు.